సీసా అడుగుతో బాణం ములికి: గాజును పెచ్చులు లేపి చెక్కే పద్ధతి

ఖాళీ సీసా అడుగు, ఒక రాగి కడ్డీ, ఒక తోలు ముక్క, ఒక సానరాయి. వీటితో చక్కని బాణం ములికి తయారవుతుంది. సుత్తితో పని ఆరంభంలో ఒకసారే. ఆ తర్వాతదంతా ఒత్తుడు పని. గాజు అంచు మీద రాగి మొన ఆనించి ఒత్తితే కింది ముఖం నుంచి పలచని పెచ్చు లేస్తుంది. అలా ఒకదాని పక్కన ఒకటి, రెండు ముఖాల మీదా, వరస తప్పకుండా పెచ్చులు లేపుకుంటూ పోతే చివరికి మిగిలేదే ములికి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ల దృష్టంతా ఒత్తడం మీదే ఉంటుంది. కానీ ఈ పనిలో ముప్పావు వంతు అంచును సిద్ధం చేయడమే. అంచు కుదిరితే మామూలు బలంతోనే పెచ్చు ముఖం మధ్య దాకా పోతుంది. కుదరకపోతే ఎంత బలం పెట్టినా అంచు నలిగి పొడి అవుతుంది, లేదా ముక్క రెండుగా విరుగుతుంది. కింద చెప్పే ప్రతి దశలోనూ అంచు గురించే ఎక్కువ ఉంటుంది. కారణం ఇదే.

పద్ధతి రాతియుగం నాటిది. అప్పట్లో చెకుముకి రాయి, అబ్సిడియన్ వాడేవాళ్లు. అబ్సిడియన్ అగ్నిపర్వతాల లావా నుంచి ఏర్పడే సహజమైన గాజు. సీసా గాజు కూడా అచ్చం దానిలాగే విరుగుతుంది కాబట్టి సీసాలు అందిన చోట్ల చేయి తిరిగిన పనివాళ్లు వెంటనే వాటిని వాడుకున్నారు. 1911లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ దగ్గర బయటి లోకానికి కనిపించిన యాహీ తెగ మనిషి ఇషి, 1916లో చనిపోయేదాకా శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియంలో ఉన్నాడు. అక్కడ సీసా గాజుతో పొడవైన, సన్నని ములుకులు చేసి చూపించాడు. వాయవ్య ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతపు ఆదివాసులు సీసా గాజుతోనే కాదు, టెలిగ్రాఫ్ స్తంభాల పింగాణీ ఇన్సులేటర్లతో కూడా రంపపు పళ్ల అంచున్న ఈటె మొనలు చెక్కారు. ఆ మొనల ఫోటోలు దొరికితే పెచ్చుల వరసలు పరీక్షగా చూడండి. వరస ఎలా ఉండాలో వాటికంటే బాగా చెప్పేది లేదు.

ఏ గాజు తీసుకోవాలి

సీసా గోడ చాలామటుకు 2 నుంచి 4 మిల్లీమీటర్లే ఉంటుంది, పైగా వంపు. మనకు కావలసింది అడుగు. గోధుమరంగు, ఆకుపచ్చ సీసాల అడుగులు 5 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో, సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో దొరుకుతాయి. దాని నుంచి 4 నుంచి 5 సెంటీమీటర్ల ములికి వస్తుంది. అడుగు లోపలికి గిన్నెలా బాగా లేచిన వైన్ సీసాలు మొదట్లో వద్దు. ఆ వంపును చదును చేయడానికే గాజంతా అయిపోతుంది. దాదాపు చదునుగా, ఒకే మందంతో ఉన్న అడుగు ఎంచుకోండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. పగులు ఉంటే గీతలా తళుక్కుమంటుంది. పెద్ద గాలిబుడగ ఉంటే పెచ్చు అక్కడే ఆగిపోతుంది. రెండింటిలో ఏది కనిపించినా ఆ సీసా పక్కన పెట్టండి.

రంగు లేని గాజు చెక్కడానికి బాగానే ఉంటుంది, కానీ చూడటానికి కష్టం. పైముఖం మీది గాటు ఏదో, కిందిముఖం మీదిది ఏదో తెలియదు. మొదటి ముక్కలు గోధుమరంగు గాజుతో చేయడం మేలు.

చేతి అలవాటు కోసం 6 నుంచి 10 మిల్లీమీటర్ల మామూలు కిటికీ అద్దం ముక్కలు కూడా బాగుంటాయి, చదునుగా ఉంటాయి కాబట్టి. టెంపర్డ్ గాజు మాత్రం ముట్టుకోకూడదు. కారు పక్క అద్దాలు, స్నానాల గది తలుపులు, కొన్ని బల్లల పైఅద్దాలు ఆ రకం. దాని పైపొర ఒత్తిడిలో, లోపలి భాగం లాగుడులో బిగిసి ఉంటాయి. అంచు కొంచెం తెగితే చాలు, మొత్తం ఒక్కసారిగా గుళ్లగుళ్లగా పేలిపోతుంది. కారు ముందు అద్దంలో రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, అదీ పనికిరాదు. మెరిసే క్రిస్టల్ గ్లాసుల్లోనూ, పాత టీవీ పిక్చర్ ట్యూబుల్లోనూ సీసం ఉండవచ్చు. ఆ ధూళి ఒంటికి మంచిది కాదు.

రాయికి చేసినట్టు గాజును ముందుగా వేడి చేయాల్సిన అవసరం లేదు. కొన్ని రకాల చెకుముకి రాళ్లు వేడి చేశాక సులువుగా చెక్కుడుకు లొంగుతాయి. గాజుకు దాంతో లాభం లేదు.

కళ్లు, చేతులు, ఊపిరి

ఈ పనిలో లేచే పెచ్చుల అంచు బ్లేడుకు తీసిపోదు. కొన్ని కంటికి ఆనవు కూడా. పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లద్దాలు లేకుండా ఒక్క పెచ్చు కూడా లేపవద్దు. పక్కన కూర్చుని చూసేవాళ్లకూ అదే నియమం. గాజు పట్టుకునే చేతికి తోలు గ్లవ్, కాళ్లకు మూసి ఉన్న చెప్పులు, పొడుగు ప్యాంటు తప్పనిసరి. ఒళ్లో దళసరి తోలు ముక్క పరచుకోవాలి. పిల్లలు, పెంపుడు జంతువులు తిరగని చోట, ఆరుబయట, కింద పెద్ద టార్పాలిన్ వేసుకుని కూర్చోండి.

చెకుముకి రాయి ధూళిలో స్ఫటిక రూపంలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. సీసా గాజు స్ఫటికం కాదు కాబట్టి దానికి ఆ రకం ముప్పు లేదు. అయినా గాజు రజను కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను రాపాడిస్తుంది. సానరాయితో అంచు రుద్దేటప్పుడే ధూళి ఎక్కువ. ఎన్95 మాస్క్ పెట్టుకోండి, రాయిని తడిపి రుద్దండి, తర్వాత అంచును గుడ్డతో పొడిగా తుడవండి. తడి అంచు మీద రాగి జారుతుంది.

నోటితో ఊదకూడదు. చేత్తో దులపకూడదు. పాత పెయింట్ బ్రష్ ఒకటి దీనికోసమే పక్కన పెట్టుకోండి. కంట్లో నలుసు పడితే నలపకుండా శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగాలి, పోకపోతే నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వేలు తెగితే ముందు నీళ్ల ధార కింద పెట్టి లోపల గాజు లేదని చూసుకున్నాకే కట్టు కట్టాలి. లోతుగా దిగిన ముక్కను సొంతంగా లాగవద్దు.

పనిముట్లు

ముఖ్యమైనది ఒత్తుడు కడ్డీ. ఎర్తింగ్‌కు వాడే దళసరి రాగి తీగ, 4 నుంచి 5 మిల్లీమీటర్లది, 7 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. గట్టి చెక్కతో 15 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల లావు పిడి చేసి, కొనలో 5 సెంటీమీటర్ల లోతు రంధ్రం వేసి తీగను బిగువుగా దిగ్గొట్టాలి. వదులుగా ఉంటే ఎపాక్సీ పోయండి. బయట 2 సెంటీమీటర్లు మిగలాలి. అంతకంటే పొడవుంటే ఒత్తినప్పుడు వంగుతుంది. ఆ మొనను ఇనుప దిమ్మ మీద పెట్టి, చల్లగా ఉండగానే సుత్తితో తిప్పి తిప్పి కొట్టండి. దెబ్బలకు రాగి గట్టిపడుతుంది. వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. తర్వాత ఆకురాయితో మొన చెయ్యాలి, సూదిలా కాదు, కొస 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మొద్దుగా ఉండాలి.

ఇనుప మేకు ఎందుకు వద్దంటే, అది రాగి కంటే గట్టిగా ఉండి అంచు మీద జారుతుంది, లేకపోతే అంచును నలిపేస్తుంది. రాగి మెత్తన. గాజు అంచు అందులోకి కొద్దిగా దిగి పట్టు దొరుకుతుంది. ఆ పట్టు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కాబట్టి మొన అరిగి గుండ్రపడగానే మళ్లీ ఆకురాయితో రుద్దుకోవాలి. ఒక ములికికి ఇలా నాలుగైదుసార్లు చేయాల్సి రావచ్చు. గాజు అంచు మీద ఎర్రటి రాగి మరక సాగినట్టు కనిపిస్తే మొన జారుతోందన్నమాట.

చివరి పనికి 2 నుంచి 3 మిల్లీమీటర్ల తీగతో ఇంకో చిన్న కడ్డీ కావాలి. గంట్లు, అంటే కట్టుదారం పట్టుకునేలా ములికి మొదలు దగ్గర రెండు పక్కలా చేసే గాళ్లు, కొట్టడానికి మూడోది. దాని మొనను సుత్తితో చదును చేసి 2 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉండేలా అరగదీయాలి.

అరచేతి దిండుకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందపు తోలు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు. ఒక పక్కన బొటనవేలు దూరే రంధ్రం చేస్తే జారదు. దాని మీద సెంటీమీటరు మందపు రబ్బరు ముక్క అతికించి, రబ్బరు మధ్యలో 8 మిల్లీమీటర్ల వెడల్పు గాడి కోస్తే ఇంకా మంచిది. లేచే పెచ్చుకు ఆ గాడిలో చోటు దొరుకుతుంది. గాడి లేకపోతే అరచేయి పెచ్చును అడ్డుకుని మధ్యలోనే తెంపేస్తుంది. ఇంకొక సంగతి, ప్రతి పది పెచ్చులకూ ఒకసారి దిండును బోర్లించి దులపండి. తోలులో ఇరుక్కున్న పెచ్చు తర్వాతి ఒత్తుడుకు గ్లవ్ దాటి అరచేతిలోకి దిగుతుంది. ఈ పనిలో అయ్యే గాయాల్లో చాలావరకు ఇలాగే అవుతాయి.

సానరాయి ముతకది కావాలి. గ్రైండర్ చక్రం విరిగిన ముక్క, 60 నుంచి 80 గ్రిట్‌ది, సరిపోతుంది. ఇసుకరాయి దొరికితే అదీ బాగుంటుంది. వీటితోపాటు నల్ల మార్కర్ పెన్, పట్టకారు, చిన్న సుత్తి.

గాజు ఎలా విరుగుతుంది

గాజుకు చెక్కలా నార లేదు, పలక రాయిలా పొరలు లేవు. బలం ఏ చోట తగిలితే అక్కడి నుంచి అన్ని వైపులా ఒకేలా పాకుతుంది. కిటికీ అద్దానికి గులకరాయి తగిలినప్పుడు ముందువైపు చిన్న చుక్క, వెనకవైపు గరాటులా వెడల్పాటి గుంట పడటం చూసే ఉంటారు. పెచ్చు అంటే ఆ గరాటులో ఒక పక్క ముక్క. మనం అంచు మీద ఒత్తుతాం కాబట్టి గరాటు మొత్తం రాదు. ఒత్తిన చోట చిన్న బుడిపె, అక్కడి నుంచి అలల్లాంటి వలయాలతో పలచగా సాగే పెచ్చు వస్తుంది. చేతిలో పడిన ప్రతి పెచ్చునూ తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. బుడిపె మరీ లావుగా ఉంటే కిందికి ఎక్కువ ఒత్తారని తెలుస్తుంది. కొస ఈకలా పలచబడి ఉంటే బలం సరిగ్గా చివరిదాకా పోయిందని అర్థం.

రాగి మొన ఆనించే అంచు భాగాన్ని ప్లాట్‌ఫాం అంటారు. మూడు విషయాలు కుదిరితేనే మంచి పెచ్చు లేస్తుంది.

ఒకటి, ప్లాట్‌ఫాంకీ, పెచ్చు లేవాల్సిన ముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి. 50 నుంచి 70 మధ్య హాయిగా పనిచేస్తుంది. నిలువు అంచు నుంచి పొడవాటి పెచ్చు రాదు.

రెండోది, ప్లాట్‌ఫాం ఎత్తు. ముక్కను అంచు వైపు నుంచి చూసి మందానికి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. పెచ్చు లేవాల్సిన ముఖాన్ని కిందికి పెట్టినప్పుడు ప్లాట్‌ఫాం ఆ గీత కంటే కిందే ఉండాలి. గీతకు పైన ఒత్తితే బలం గాజు మధ్యలోకి దూరి ముక్క విరుగుతుంది. మార్కర్‌తో అంచు చుట్టూ ఆ మధ్య గీత నిజంగానే గీయండి. ప్రతి చుట్టు తర్వాత మళ్లీ గీయండి. చేయి తిరిగినవాళ్లు కూడా ఈ గీత మానరు.

మూడోది అంచు బలం. పెచ్చు లేచాక మిగిలే అంచు కత్తిలా ఉంటుంది. దాని మీద ఒత్తితే బలం లోపలికి పోకముందే అంచు చిట్లుతుంది. అందుకే ప్రతి చుట్టుకూ ముందు సానరాయితో అంచును రుద్ది మొద్దు చేయాలి. వేలితో తాకితే (గ్లవ్ తీయకుండానే) గరుకుగా, గుండ్రంగా తగలాలి. ముత్యంలా తెల్లగా కనిపించే సన్నని పట్టీ ఒకటి ఏర్పడుతుంది. పెద్ద పెచ్చుకు ఎక్కువ రుద్దాలి, చిన్న పెచ్చుకు తక్కువ.

ఇక ముఖం ఆకారం. పెచ్చు ఎప్పుడూ మిట్టను పట్టుకుని పోతుంది, పల్లం వచ్చిన చోట ఆగిపోతుంది. పక్కపక్కనే లేచిన రెండు పెచ్చుల గాట్ల మధ్య మిగిలే వెన్ను మీదికి గురిపెడితే తర్వాతి పెచ్చు దాని వెంటే సాగుతుంది.

అడుగు విడదీయడం

సీసాను కడిగి, లేబుల్ తీసి, ఆరబెట్టండి. దళసరి గుడ్డ రెండు పొరలు చుట్టి నేల మీద పడుకోబెట్టి, మెడకు కాస్త కింద భుజం మీద సుత్తితో ఒక దెబ్బ వేయండి. అడుగు మీద కొట్టవద్దు. గుడ్డ మెల్లగా విప్పి, చుట్టూ కొంత గోడతో ఉన్న అడుగును బయటికి తీయండి. గోడ మిగులును పట్టకారుతో కొద్దికొద్దిగా, 3 మిల్లీమీటర్లకు మించకుండా కొరుకుతూ రావాలి. ఒకేసారి పెద్ద ముక్క విరిస్తే పగులు అడుగులోకి పాకుతుంది.

ఇంకా శుభ్రంగా కావాలంటే అడుగు నుంచి సెంటీమీటరు పైన గాజు కట్టర్‌తో చుట్టూ ఒకే గీత గీసి, దాని మీద వేడినీళ్లు, చన్నీళ్లు మార్చి మార్చి పోస్తే గీత వెంట విడిపోతుంది. సలసల కాగే నీళ్లు అక్కర్లేదు. నీళ్ల పని కాబట్టి గ్లవ్ జారకుండా చూసుకోండి.

ఏ పద్ధతిలో తీసినా, అడుగును వెలుతురులో మరోసారి చూడండి. కొత్త పగులు పడి ఉంటే ఆ వైపును ముక్కలోంచి తీసేసేలా ఆకారం వేసుకోవచ్చు. మధ్యలో పడితే ఆ ముక్కతో ఇక పని లేదు.

నిలువు అంచును మధ్యకు తేవడం

ఇప్పుడు చేతిలో ఉన్నది గుండ్రటి బిళ్ల. అంచు నిలువుగా, అక్కడక్కడా గోడ మిగులుతో ఉంటుంది. బయటి ముఖం అంచు మీద సీసా నేలకు ఆనే వలయం, దాని మీద చిన్న చిన్న గరుకు చుక్కలు ఉంటాయి. మధ్యలో అచ్చు అంకెలు ఉండవచ్చు. ఇవన్నీ మొదటి రెండు చుట్లలో పోతాయి.

కూర్చునే తీరు ముందు చూసుకోండి. ఎత్తు తక్కువ స్టూలు మీద, మోకాళ్లు కొంచెం ఎడంగా కూర్చోవాలి. ఎడమ అరచేతిలో దిండు, దాని మీద బిళ్ల, పైన వేళ్లు మడిచి బిగించాలి. ఎడమ చేతి వెనకభాగాన్ని ఎడమ తొడ లోపలివైపు ఆనించాలి. కుడిచేతిలో కడ్డీ పట్టుకుని ఆ మణికట్టును కుడి తొడకు ఆనించాలి. బలం మోకాళ్లను దగ్గరికి తేవడం నుంచి వస్తుంది. ఒక్క చేతి కండతోనే ఒత్తితే అరగంటకే మోచేయి పట్టేస్తుంది. ఎడమ చేతివాటం వాళ్లు దీన్ని తిప్పుకోవాలి.

నిలువు అంచుకు మారుడు పెచ్చుల పద్ధతి వాడతారు. అంచులో ఎక్కడైనా కొంచెం వాలు ఉన్న చోటు వెతకండి. అక్కడ ఒత్తి కింది ముఖం నుంచి ఒక పొట్టి పెచ్చు లేపండి. బిళ్లను తిరగేయండి. ఇప్పుడా గాటు పైకి వచ్చి వాలుగా ఉంటుంది. దానికి ఆనుకుని ఉన్న చోట, ఆ వాలు మీదే రాగి మొన పెట్టి రెండో ముఖం నుంచి పెచ్చు లేపండి. మళ్లీ తిరగేయండి. ఒకటి అటు, ఒకటి ఇటు, ఇలా చుట్టూ వచ్చేసరికి అంచు రంపంలా వంకరటింకరగా తిరుగుతూ, మొత్తమ్మీద మందం మధ్యకు వస్తుంది. ఈ చుట్టులో పెచ్చులు 5 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవున్నా చాలు. పొడవు కోసం ఆశపడవద్దు. అయ్యాక సానరాయితో ఆ వంకరలను రుద్ది సరిచేయండి.

తర్వాత ఆకారం. బిళ్ల మీద మార్కర్‌తో ఆకు ఆకారమో, త్రిభుజమో గీయండి. తుది కొలత కంటే ప్రతి వైపూ 5 మిల్లీమీటర్లు పెద్దగా గీయాలి, ఎందుకంటే ప్రతి చుట్టూ వెడల్పును తినేస్తుంది. గీతకు బయటి గాజును అవే పొట్టి పెచ్చులతో తొలగించండి.

పలచన చేయడం

అసలు నైపుణ్యం ఇక్కడ కావాలి. సీసా అడుగుకు ఒక ముఖం ఉబ్బుగా, ఒక ముఖం పల్లంగా ఉంటుంది. రెండింటినీ ఒకేలా చూడకూడదు.

ఉబ్బు ముఖంతో మొదలుపెట్టండి. దాన్ని కిందికి పెట్టి, ప్లాట్‌ఫాం మధ్య గీతకు దిగువన ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు ఎదుటి ముఖం నుంచి, అంటే పల్లం ముఖం నుంచి, అంచు వెంట చిన్న చిన్న పెచ్చులు లేపాలి. దాంతో అంచు ఉబ్బు ముఖానికి దగ్గరవుతుంది, ఆ చిన్న గాట్ల వాలే ప్లాట్‌ఫాం అవుతుంది. సానరాయితో బాగా రుద్దండి. ఇప్పుడు రాగి మొన ఆనించి ముందు లోపలికి, ముక్క మధ్యకు గురిపెట్టి, బలాన్ని మెల్లగా పెంచుతూ ఒత్తాలి. రాగి అంచును పట్టుకున్నట్టు చేతికి తెలుస్తుంది. లోపలికి ఒత్తిన బలం అలాగే ఉంచి, మణికట్టును కొద్దిగా కిందికి దించండి. టక్కుమనే శబ్దంతో పెచ్చు లేస్తుంది. బలంలో ఎక్కువ పాలు లోపలికే, కిందికి కొంచెమే. కిందికి ముందే ఒత్తితే పొట్టి, లావు పెచ్చు వచ్చి అంచులో గుంట పడుతుంది.

తర్వాతి పెచ్చు 5 మిల్లీమీటర్ల దూరంలో, ఇందాకటి గాటు పక్కన నిలిచిన వెన్ను మీదికి గురిపెట్టి లేపాలి. ఒక పక్క అంతా అయ్యాక ఎదుటి పక్క నుంచి అలాగే రండి. రెండు పక్కల పెచ్చులూ మధ్యలో కలవాలి. కలవకపోతే మధ్యలో తాబేటి వీపులా దిబ్బ మిగులుతుంది. ప్రతి చుట్టుకూ అంచు సన్నబడి దిబ్బ మాత్రం అలాగే నిలిస్తే, ఆ ముక్కను ఇక పలచన చేయలేరు. అందుకని దిబ్బ కనిపించిన తొలి చుట్టులోనే, వెడల్పు ఉండగానే, ఇంకా బలమైన ప్లాట్‌ఫాం చేసి దాన్ని దాటించాలి.

పల్లం ముఖం మీద పొడవాటి పెచ్చుల కోసం తొందరపడితే అవి పల్లం అంచుకు రాగానే మెట్టులా తెగుతాయి. ఆ ముఖం మీద ముందు చుట్టూ ఉన్న ఎత్తును పొట్టి పెచ్చులతో దించండి. ముఖం దాదాపు చదునయ్యాకే పొడవాటివి మొదలుపెట్టాలి.

చుట్టు చుట్టుకూ ఇదే క్రమం: గీత గీయడం, అంచు దించడం, రుద్దడం, ఒత్తడం. మామూలు సీసా అడుగుకు ఒక్కో ముఖానికి మూడు నాలుగు చుట్లు పడతాయి. వెడల్పు 2.5 సెంటీమీటర్లు ఉన్నప్పుడు మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లకు వస్తే చాలా బాగా వచ్చినట్టు.

చెడిపోయే తీరులు, కారణాలు

అంచు నలిగి తెల్లని పొడి రాలుతోంది, పెచ్చు లేవడం లేదు. అంచు తగినంత రుద్దలేదు, లేదా రాగి మొన మొద్దుబారింది. బలం పెంచవద్దు. నలిగిన అంచును ఎదుటి ముఖం వైపు చిన్న పెచ్చులు లేపి శుభ్రం చేసి, మళ్లీ రుద్ది ఒత్తండి.

పెచ్చు మధ్యలో మెట్టులా తెగింది. బలం సగంలో తగ్గింది, లేక ముఖం మీద పల్లం ఉంది, లేక అరచేయి పెచ్చును అడ్డుకుంది. కొస గుండ్రంగా మడత తిరిగినట్టు తెగితే ఒత్తే దిశ మధ్యలో బయటికి తిరిగిందని అర్థం. ఏదైనా సరే, మెట్టు మీదికి అదే వైపు నుంచి మళ్లీ ఒత్తకూడదు. రెండో పెచ్చు అక్కడే ఆగి మెట్టు ఇంకా ఎత్తవుతుంది. ఎదుటి అంచు నుంచి పొడవాటి పెచ్చు పంపి, మెట్టును దాని కింది నుంచి ఎత్తేయాలి. ఎదుటి నుంచి అందకపోతే మెట్టుకు అటూ ఇటూ పెచ్చులు లేపి, మధ్యలో మిట్టగా మిగిల్చి, ఆ మిట్టకు బలమైన ప్లాట్‌ఫాం కట్టి ఒక్క పెచ్చుతో తీయాలి.

ముక్క అడ్డంగా రెండైంది. చాలాసార్లు ఇది అరచేతిలో ఆనిక సరిగా లేకపోవడం వల్ల జరుగుతుంది. మొన వైపు పట్టుకుని మొదలు భాగం దగ్గర ఒత్తితే మధ్యభాగం గాలిలో ఉండి వంగుతుంది. గాజు వంపును ఓర్చుకోదు. ఒత్తే చోటుకు సరిగ్గా వెనకాల దిండు ఆని ఉండాలి. ప్లాట్‌ఫాం మధ్య గీత పైన ఉన్నా ఇదే జరుగుతుంది. రెండైన ముక్కల్లో పెద్దదానితో చిన్న ములికి చేయవచ్చు, పారేయకండి.

పెచ్చు మరీ దూరం పోయి ఎదుటి అంచును కూడా తెంచుకుపోయింది. ఇది అతిగా బలమైన ప్లాట్‌ఫాం, అతి బలం కలిసినప్పుడు వస్తుంది. ఆకారం చిన్నది చేసుకుని కొనసాగించడమే దారి.

తుది అంచు, గంట్లు

మందం కుదిరాక చిన్న కడ్డీ తీసుకోండి. అంచును ఈసారి కొద్దిగానే రుద్ది, 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడంతో పెచ్చులు లేపుతూ వంకరలు సరిచేయాలి. మొన నుంచి మొదలుకు వరసగా వస్తే పెచ్చులు ఒకే వాలులో పడతాయి, చూడటానికి అందంగా ఉంటాయి. మొన దగ్గర గాజు పలచగా ఉంటుంది కాబట్టి లోపలికి గురిపెట్టకుండా, మొన నుంచి మొదలు వైపు ఏటవాలుగా ఒత్తండి. మొనకు అడ్డంగా ఒత్తితే అది ఊడిపోతుంది.

మొదలు భాగం కూడా పలచబడాలి, లేకపోతే బాణం పుల్ల చీలికలో దూరదు. అడుగు అంచు నుంచి మొన వైపు ఒక్కో ముఖానికి రెండు మూడు పెచ్చులు పొడుగ్గా పంపండి.

గంట్లు ఆఖర్న. మొదలుకు 8 మిల్లీమీటర్ల పైన రెండు పక్కలా మార్కర్‌తో గుర్తు పెట్టండి. చదును మొన కడ్డీతో ఒక చిన్న పెచ్చు లేపి, తిరగేసి, ఆ గాటులోనే నిలబెట్టి ఎదుటి ముఖం నుంచి ఇంకొకటి లేపాలి. మళ్లీ తిరగేయాలి. ఒక్కో పెచ్చుకు గంటు మిల్లీమీటరు లోతు పెరుగుతుంది. కడ్డీ గంటు పక్కలకు తగలకూడదు. తగిలితే చెవిలా నిలిచిన మూల పుటుక్కున పోతుంది. కడ్డీ లావనిపిస్తే ఆపి సన్నగా అరగదీయండి. రెండు గంట్ల మధ్య 9 నుంచి 10 మిల్లీమీటర్ల గాజు మిగలాలి. ఒక గంటు పూర్తిగా చేసి రెండోదానికి వెళ్లకుండా రెండింటినీ సగం సగం లోతు చేసుకుంటూ పోతే సమానంగా వస్తాయి.

బాణానికి కట్టేటట్టయితే గంట్ల లోపలి అంచును, మొదలు అంచును సానరాయితో బాగా మొద్దు చేయండి. చేయకపోతే గాజు కట్టుదారాన్నే కోసేస్తుంది. గాజు ములికి గట్టి వస్తువుకు తగిలితే సూదుల్లా చిట్లుతుంది కాబట్టి గోడ, చెట్టు, రాయి ఉన్న వైపు వదలవద్దు.

మిగిలిన గాజు, ములికి మీద గుర్తు

పని అయ్యాక టార్పాలిన్ నాలుగు మూలలూ పట్టి మధ్యకు చేర్చి, పెచ్చులను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోయండి. డబ్బా మీద పగిలిన గాజు అని రాసి, నిండాక మూత టేపుతో మూసి పారేయాలి. పలచని సంచిలో వేస్తే చెత్త తీసేవాళ్ల చేతులు తెగుతాయి. నేల మీద మిగిలిన రజనును తడి కాగితంతో అద్ది ఎత్తండి, ఆ కాగితం కూడా డబ్బాలోకే. వేసుకున్న బట్టలను బయటే దులిపి విడిగా ఉతకండి.

పొలాల్లో, నదీ తీరాల్లో, పాత స్థావరాలు బయటపడిన చోట్ల గాజు గానీ రాయి గానీ చెక్కి పెచ్చులు వదిలి రాకూడదు. పాత పనివాళ్లు వదిలిన పెచ్చుల ఆధారంగానే పురావస్తు పరిశోధకులు అక్కడ ఎవరు ఏం చేశారో గుర్తుపడతారు. కొత్తవి కలిస్తే ఆ ఆధారం చెడిపోతుంది. అదే కారణంగా పూర్తయిన ములికి మీద డైమండ్ మొన పెన్‌తో, మొదలు దగ్గర, మీ పొడి అక్షరాలు, చేసిన సంవత్సరం చెక్కండి. అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా అది ఈ కాలపు పని అని ఆ గుర్తే చెబుతుంది.